బాణం గుర్తు లేని ఆస్మాసిస్: ఒక ప్రాజెక్టు డైరీ

జూన్ చివరి వారం

సెకండియర్ బైపీసీ బాటనీలో మొదటి చాప్టర్ మొక్కల్లో రవాణా. విసరణ (అణువులు కిక్కిరిసిన చోటు నుంచి ఖాళీ చోటుకు వ్యాపించడం), ఆస్మాసిస్ (నీటిని వదిలి ఉప్పు, చక్కెరలను ఆపే పొర గుండా నీరు చిక్కటి ద్రావణం వైపు చేరడం), నీటి పొటెన్షియల్ (నీరు ఎటు చేరుతుందో చెప్పే కొలత), ప్లాస్మాలిసిస్ (నీరు పోయి కణం లోపలిది ముడుచుకోవడం) అన్నీ అందులో వరసగా వచ్చి పడతాయి. తిరుపతిలో ఈ పాఠం చెప్పడం నాకు కొత్త కాదు. ఆస్మాసిస్ నిర్వచనం అడిగితే మా పిల్లలు గడగడా అప్పజెప్తారు, మార్కులూ తెచ్చుకుంటారు. అయితే "నీళ్ళు అటే ఎందుకు పోయాయి?" అని ఇంకొక్క మాట అడిగితే "ఉప్పు లాగుతుంది మేడం" అంటారు. ఎట్లా లాగుతుంది అంటే జవాబు రాదు.

ఈ ఏడు ఈ ఒక్క చాప్టర్‌కు సొంతంగా డిజిటల్ మెటీరియల్ తయారు చేయాలని పని మొదలుపెట్టాం. మొక్కల వైపు నేను చూసుకుంటాను. జువాలజీ చెప్పే మా సార్ కిడ్నీ, రక్తకణాల వైపు ఉదాహరణలు చూస్తారు. కోడింగ్ పని ఒకప్పుడు నా దగ్గరే బైపీసీ చదివి, తర్వాత దారి మార్చుకుని బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న అబ్బాయిది. ఆదివారాలు వీడియో కాల్‌లో కూర్చుంటాం.

పాఠం మొదలుపెట్టకముందే పిల్లల చేత ఒక ప్రశ్నకు జవాబు రాయించాను. నీటిని మాత్రమే వదిలే పొరతో ఒక గిన్నెను రెండు భాగాలు చేశాం, ఒకవైపు మామూలు నీళ్ళు, రెండోవైపు చక్కెర నీళ్ళు. కొంతసేపటికి మట్టం మారడం ఆగిపోయింది. ఇప్పుడు నీటి అణువులు ఏం చేస్తూ ఉంటాయి? ఎక్కువమంది "ఆగిపోతాయి" అని రాశారు. కొందరు "బ్యాలెన్స్ అయిపోయింది కాబట్టి ఇంక పోవాల్సిన అవసరం లేదు" అన్నారు. ఈ రెండో జవాబు నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది. పిల్లల లెక్కలో నీటి అణువుకు ఒక పని ఉంది, అది పూర్తయితే విశ్రాంతి ఉంది.

దామలచెరువు నుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం కాగితం ఇస్తూ అడిగింది: "మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే నీళ్ళూరతాయి గదా మేడం, అది గూడా ఇదేనా?" అదేనన్నాను. "మరి కొన్నాళ్ళకు ముక్క లోపల గూడా ఉప్పగా అయిపోతాది. పొర ఉప్పును ఆపుతాది అన్నారు గదా, ఎట్ల పోయింది లోపలికి?" తోతాపురి సీజన్‌లో ఊరంతా మామిడిపండ్ల లారీలే కనబడే చోటు నుంచి వచ్చిన పిల్ల ఇది అడగడం నాకు ఎంత సంతోషమనిపించిందో చెప్పలేను. ఈ ప్రశ్నను యథాతథంగా మెటీరియల్‌లోకి తీసుకున్నాం. జవాబును మాటల్లో చెప్పకుండా కళ్ళకు కనబడేలా చేయాలని అప్పుడే అనుకున్నాం.

అణువుకు ఉద్దేశం ఉందన్న నమ్మకం పిల్లలకు ఎక్కడి నుంచి వస్తోందని ముగ్గురం కూర్చుని వెతికాం. పాఠ్యపుస్తకాల బొమ్మలు, బోర్డు మీద నేను వేసే బొమ్మలు, నెట్‌లో దొరికే వీడియోలు అన్నీ ముందు పెట్టుకుని చూస్తే అన్నింట్లోనూ ఒకటే కనబడింది: పెద్ద బాణం గుర్తు. వీడియోల్లో అయితే నీలం చుక్కలు బారులు తీరి, పొరలోని రంధ్రం దాటి, సరిగ్గా చక్కెర ఉన్న వైపుకు చేరుకుంటాయి. ఒక్కటీ వెనక్కి రాదు. అది చూసిన పిల్లలు నీళ్ళకు ఎటు పోవాలో తెలుసు అనుకోవడంలో వింతేముంది?

అందుకే మా మెటీరియల్‌కు మొదటి నియమం పెట్టుకున్నాం. తెర మీద మేము గీసిన బాణం ఒక్కటీ ఉండకూడదు.

ఇంకో నిర్ణయం కూడా అప్పుడే జరిగింది. కొండ మీద క్యూ కాంప్లెక్స్‌లో జనం కదలికతో పోల్చి విసరణ చెప్పడం తిరుపతిలో అందరికీ అలవాటే, నేనూ చెప్పేదాన్ని. అది కిక్కిరిసిన చోటు నుంచి ఖాళీ చోటుకు కదలడాన్ని బాగానే చూపిస్తుంది. అయితే క్యూలో నిలబడ్డ మనిషికి ఎటు పోవాలో తెలుసు, ఎందుకు పోతున్నాడో కూడా తెలుసు. అణువుకు రెండూ తెలియవు. మేము పోగొట్టాలనుకుంటున్న భావాన్నే ఆ పోలిక గట్టిపరుస్తుంది కాబట్టి దాన్ని స్క్రిప్ట్‌లో నుంచి తీసేశాం.

జూలై మొదటి పక్షం

కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళ ఫెట్ సిమ్యులేషన్లు చూస్తేనే మాకు ఈ పని చేయగలమన్న ధైర్యం వచ్చింది. నోబెల్ బహుమతి పొందిన భౌతికశాస్త్రవేత్త కార్ల్ వైమన్ 2002లో మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. ఉచితం, కొన్నింటికి తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. మా చాప్టర్‌కు సరిగ్గా సరిపోయేలా కావాలి కాబట్టి పీఫైవ్ జేఎస్ అనే ఉచిత జావాస్క్రిప్ట్ లైబ్రరీతో సొంతంగా మొదలుపెట్టాం. అంతా ఒకే ఫైల్‌లో ఇమిడిపోవాలని, నెట్ లేకపోయినా బ్రౌజర్‌లో తెరుచుకోవాలని పట్టుబట్టాను. పల్లెల నుంచి వచ్చే పిల్లలు సాయంత్రం ఇంట్లో అమ్మ ఫోన్‌లోనో నాన్న ఫోన్‌లోనో చూసుకోవాలి. వాళ్ళ డేటా బ్యాలెన్స్ మీద మన పాఠం ఆధారపడకూడదు.

తెర మీద ఒక డబ్బా, మధ్యలో సన్నని రంధ్రాలున్న గోడ. చిన్న నీలం గుండ్లు నీరు, పెద్ద ఎర్ర గుండ్లు చక్కెర. ఎర్రవి రంధ్రంలో పట్టవు. ప్రతి గుండూ ప్రతి క్షణం ఏదో ఒక దిక్కుకు తోచినట్టు కదులుతుంది, ఆ దిక్కును కంప్యూటర్ యాదృచ్ఛికంగా ఎంచుతుంది. గోడకు పైన రెండు కౌంటర్లు ఉంటాయి. ఎడమ నుంచి కుడికి ఎన్ని దాటాయి, కుడి నుంచి ఎడమకు ఎన్ని దాటాయి, అంతే.

మొదటిసారి నడిపిన రాత్రి ఆ అబ్బాయి ఫోన్ చేశాడు. "మేడం, కోడ్ మొత్తం మళ్ళీ చదివినాను. కుడివైపుకు పో అని ఒక్క లైన్ గూడా లేదు. అయినా చక్కెర ఉన్న వైపే నీళ్ళు పెరుగుతున్నాయి." బైపీసీలో ఆస్మాసిస్‌కు ఫుల్ మార్కులు తెచ్చుకున్న అబ్బాయే. ఆ గొంతులోని ఆశ్చర్యం పిల్లల్లో కూడా కలగాలన్నదే మా కోరిక.

తెర మీద ఏం జరుగుతోందంటే, రెండువైపుల నుంచీ నీటి గుండ్లు రంధ్రాలకు తగులుతూనే ఉంటాయి. చక్కెర ఉన్న వైపు కొంత చోటు ఎర్ర గుండ్లది. గోడకు వచ్చి తగిలే వాటిలో కొన్ని ఎర్రవే, అవి తిరిగి వెళ్ళిపోతాయి. అందుకని అటు నుంచి ఇటు దాటే నీరు తక్కువ, ఇటు నుంచి అటు దాటేది ఎక్కువ. ఎవరూ ఎవరినీ లాగలేదు. ఈ తేడానే మనం ఆస్మాసిస్ అంటున్నాం.

అయితే ఇది నమూనా. నిజమైన నీటిలో అణువులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటూ వదులుకుంటూ ఉంటాయి. చక్కెర అణువుల చుట్టూ కూడా నీరు పేరుకుంటుంది. మా తెర మీద ఇవేవీ లేవు. అందువల్ల ప్రతి సిమ్యులేషన్ పక్కనా "ఇందులో నిజం కానివి" అని ఒక పెట్టె పెట్టాం. గుండ్ల సైజు, రంగు, వాటి మధ్య ఖాళీ, వేగం, పొర మందం, వీటిలో ఏది మేము మార్చామో అక్కడ రాసి ఉంటుంది. డిజిటల్ మెటీరియల్ తయారు చేసేవాళ్ళు ఎవరైనా సరే ఈ పెట్టె తప్పకుండా పెట్టాలని నా గట్టి అభిప్రాయం. బోర్డు మీద చాక్‌పీసుతో వేసిన బొమ్మను ఎవరూ నిజమనుకోరు. రంగురంగులుగా కదిలే బొమ్మను పిల్లలు నిజమనే అనుకుంటారు.

మా జువాలజీ సార్ ఒక అభ్యంతరం చెప్పారు, అది బలమైనదే. "పరీక్షలో బాణం వెయ్యకపోతే మార్కు పోతుంది మేడం. ఆ సంగతి ఆలోచించినారా?" రెండు రోజులు దాని మీదే మాట్లాడుకున్నాం. చివరికి తేలిందేమంటే, బాణం ఉండాలి, కానీ దాన్ని పిల్లలే గీయాలి. సిమ్యులేషన్ కొంతసేపు నడిచాక ఆగుతుంది. రెండు కౌంటర్ల తేడా చూసుకుని పిల్లలు తమ నోట్‌బుక్‌లో బాణం గీస్తారు, దాని పక్కనే ఆ అంకెలు రాస్తారు. ఇప్పుడు బాణం అణువుకు ఇచ్చిన ఆజ్ఞ కాదు, లెక్కపెట్టాక వచ్చిన ఫలితం. సార్ దీనికి సరేనన్నారు.

జూలై రెండో పక్షం

గుండ్లు ఎంత బాగా కదిలినా, నిజమైన కణం కనబడకపోతే నాకు తృప్తి ఉండదు. ప్లాస్మాలిసిస్ వీడియో మేమే తీయాలనుకున్నాం.

దీనికి రియో మొక్కను మించింది లేదు. మన ఊళ్ళో చాలా ఇళ్ళలో కుండీల్లో ఉంటుంది. ఆకు పైన పచ్చగా, అడుగున ఊదారంగులో ఉంటుంది. ఆ ఊదారంగు బాహ్యచర్మ కణాల రిక్తికలో (కణం లోపలి నీటి సంచిలో) కరిగి ఉన్న ఆంథోసయనిన్ది, కాబట్టి వేరే రంగు వేయనక్కర్లేదు. ఆకును అడ్డంగా విరిచి, అడుగు వైపు పొర వచ్చేలా నెమ్మదిగా లాగితే అంచున సన్నని ఊదా పొర ఊడి వస్తుంది. దాన్ని స్లైడు మీద నీటి చుక్కలో పరిచి, కవర్‌స్లిప్ వేసి, పది ఇంటూ ఆబ్జెక్టివ్ కింద పెట్టాను. ఊదారంగు నిండిన పలకల్లాంటి కణాలు, మధ్య మధ్య పచ్చని రక్షక కణాలతో పత్రరంధ్రాలు కనిపించాయి.

ఫోన్‌ను ఐపీస్ మీద చేత్తో పట్టుకుంటే బొమ్మ వణుకుతుంది. ల్యాబ్‌లోని బ్యూరెట్ స్టాండుకు ఫోన్ బిగించి, కెమెరా సరిగ్గా ఐపీస్ మీదకు వచ్చేలా దించి, ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ చేశాం. లాక్ చేయకపోతే ఊదారంగు తగ్గుతున్న కొద్దీ ఫోన్ తనంతట తానే వెలుతురు సర్దుకుంటుంది, అసలు చూడాల్సిన మార్పు కనబడదు. కవర్‌స్లిప్‌కు ఒకవైపు ఐదు శాతం ఉప్పునీటి చుక్క వేసి, రెండోవైపు బ్లాటింగ్ పేపర్ ముక్క ఆనించాం. పేపర్ నీటిని పీల్చుకుంటుంటే ఉప్పునీరు కవర్‌స్లిప్ కిందికి పాకుతుంది.

మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత ఉప్పునీరు వచ్చిన వైపున్న కణాల్లో, మూలల దగ్గర ఊదారంగు గోడను వదిలిపెట్టడం మొదలవుతుంది. ఆ ఖాళీ చిన్న తెల్లని నెలవంకలా కనబడి పెద్దదవుతుంది. కణకవచం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. లోపలిది ముడుచుకుని ముద్దవుతుంది, రంగు చిక్కబడుతుంది. పక్క కణం ఇంకా నిండుగానే ఉండవచ్చు. అన్నీ ఒకేసారి ముడుచుకోవు. చూస్తున్న పిల్లలు "అదిగో ఆ కార్నర్ది చూడండి" అని ఒకరికొకరు చూపించుకున్నారు. వీడియోలో ఆ మాటలను అట్లాగే ఉంచేశాను.

ఉప్పునీటి చోట మళ్ళీ మంచినీరు పంపితే ముద్దలు ఉబ్బి గోడకు ఆనుకుంటాయి. చాలా కణాలు తేరుకున్నాయి, కొన్ని తేరుకోలేదు. వాటి పొర దెబ్బతిన్నది, లోపలి ఊదారంగు నెమ్మదిగా బయటికి కారి పలచబడిపోయింది. దామలచెరువు అమ్మాయి ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది. అంత ఉప్పులో ఎక్కువకాలం ఉంటే కణం చచ్చిపోతుంది. చచ్చిన కణపు పొర ఉప్పును ఆపలేదు, లోపలున్నదాన్ని పట్టి ఉంచలేదు. ఊరగాయ ముక్క లోపలిదాకా ఉప్పెక్కేది అందుకే. ఆ కణాన్ని జూమ్ చేసి వేరే క్లిప్‌గా పెట్టి, కింద ఆ ప్రశ్నను పిల్ల అడిగిన మాటల్లోనే రాశాం.

వీడియోను కత్తిరించి వేగం పెంచుదామా అన్న చర్చ వచ్చింది. వద్దన్నాను. మూలన సమయం కనబడుతూ మొత్తం వీడియో ఉంటుంది. ఏమీ జరగని మొదటి నిమిషాన్ని కూడా చూడాలి. జీవశాస్త్రంలో ఓపిగ్గా చూడటం కూడా పాఠంలో భాగమే.

ఆగస్టు

సిమ్యులేషన్‌కు పిస్టన్ జోడించాం. చక్కెర ఉన్న వైపు పైనుంచి వేలితో నొక్కుతూ పోతే ఆ వైపు ఒత్తిడి పెరుగుతుంది. ఒక స్థాయిలో రెండు కౌంటర్లూ సమానంగా పెరుగుతాయి. ఆ ఒత్తిడే ద్రవాభిసరణ (ఆస్మాసిస్) పీడనం. నీటి పొటెన్షియల్ సమీకరణంలో (ద్రావిత పొటెన్షియల్ + పీడన పొటెన్షియల్) ద్రావిత పొటెన్షియల్‌కు రుణ గుర్తు ఎందుకుందో, పీడన పొటెన్షియల్‌ను ఎందుకు కలపాలో పిల్లలకు ఇక్కడ వేలికి తెలుస్తుంది. ఎంత నొక్కాలన్నది కూడా చూపించాం. 27 డిగ్రీల దగ్గర 0.1 మోలార్ చక్కెర ద్రావణానికి సుమారు 2.5 అట్మాస్ఫియర్ల ఒత్తిడి కావాలి. కెమిస్ట్రీలో చదివే వాంట్ హాఫ్ సూత్రంతో ఈ లెక్క వస్తుంది. ఆయన ఆధారపడిన కొలతలు 1877లో విల్హెల్మ్ ఫెఫర్ అనే వృక్షశాస్త్రవేత్త మట్టి పాత్రతో చేసిన ప్రయోగాలవి. 1901లో మొట్టమొదటి కెమిస్ట్రీ నోబెల్ వాంట్ హాఫ్‌కు వచ్చింది. బాటనీ అంటే బొమ్మలు గీసుకునే సబ్జెక్టని పిల్లలు అనుకుంటుంటే నాకు బాధగా ఉంటుంది, అందుకే ఈ సంగతి పాఠంలోకి తెచ్చాను.

పిస్టన్‌ను ఇంకా గట్టిగా నొక్కితే నీరు వెనక్కి దాటడం మొదలవుతుంది, చక్కెర ఇటే మిగిలిపోతుంది. ఒక అబ్బాయి వెంటనే "మా వీధిలో ఆర్‌ఓ ప్లాంట్ ఇదే గదా సార్!" అన్నాడు, జువాలజీ సార్ వైపు తిరిగి. ఇరవై లీటర్ల క్యాన్ రోజూ మోసుకొచ్చే పిల్లవాడు. ప్లాంటులో అంత చప్పుడు చేసే మోటారు ఎందుకుందో అతనికి అప్పుడు అర్థమైంది. ఇది మా స్క్రిప్ట్‌లో లేదు, వెంటనే చేర్చాం.

ఈ నెలలో చేసిన వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది "ఎంత దూరం, ఎంతసేపు" అన్న స్లైడర్. చిన్న అణువులకు నీటిలో విసరణ గుణకం సెకనుకు సుమారు 10⁻⁹ చదరపు మీటర్లు. దూరం పదింతలైతే పట్టే సమయం వందింతలవుతుంది. స్లైడర్‌ను 1 మైక్రోమీటర్ దగ్గర పెడితే అర మిల్లీసెకను. ఒక కణం వెడల్పు, 10 మైక్రోమీటర్లు, సెకనులో ఇరవయ్యో వంతు. 1 మిల్లీమీటర్‌కు ఎనిమిది నిమిషాలు. 1 సెంటీమీటర్‌కు సుమారు 14 గంటలు. 10 సెంటీమీటర్లకు దాదాపు రెండు నెలలు. 1 మీటర్‌కు వచ్చేసరికి సుమారు 16 ఏళ్ళు.

స్లైడర్ జరపకముందే ప్రతి దూరానికీ ఎంత పడుతుందో పిల్లలు ఊహించి టైప్ చేయాలి, చేస్తేనే జవాబు తెరుచుకుంటుంది. విద్యా పరిశోధకులు వైట్, గన్‌స్టోన్ 1992లో రాసిన "ఊహించు, గమనించు, వివరించు" పద్ధతే ఇది. మీటరు దూరానికి "పది నిమిషాలు", "ఒక గంట" అని టైప్ చేసినవాళ్ళు 16 ఏళ్ళు చూసి ఫోన్ తప్పు చూపిస్తోందన్నారు. సూత్రంతో లెక్క చేయించాను, అదే వచ్చింది. కణాలు ఎందుకు అంత చిన్నవో, మనకు గుండె ఎందుకు కావాలో, చెట్టుకు దారువు (నీటిని మోసేది), పోషక కణజాలం (ఆహారాన్ని మోసేది) ఎందుకు కావాలో ఈ ఒక్క లెక్కలోనే ఉంది. పిల్లలు ఇన్నాళ్ళూ విడివిడిగా చదివిన చాప్టర్లు ఇక్కడ ఒకదానికొకటి అతుక్కున్నాయి.

మరి తలకోన అడవిలో అంత ఎత్తు చెట్ల కొసకు నీళ్ళు ఎట్లా చేరుతున్నాయి? ఆకుల నుంచి ఆవిరైపోయే నీరు దారువులోని నీటి స్తంభాన్ని పైకి లాగుతుందని 1894లో డిక్సన్, జోలీ చెప్పారు. అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండటం వల్ల స్తంభం తెగదు. ఇక్కడ నీరు నిజంగానే లాగబడుతోంది, సమూహంగా ఒకే దిక్కుకు కదులుతోంది. తోచినట్టు కదలడానికీ, సమూహంగా ప్రవహించడానికీ ఉన్న తేడా పక్కపక్కనే రెండు తెరల్లో చూపించాం.

ఆడియో, అక్షరాల పని కూడా ఈ నెలలోనే అయిపోయింది. గొంతు నాదే, మాటలు క్లాసులో మాట్లాడుకునే తెలుగులో. టెక్నికల్ పదాలు పరీక్షలో ఎట్లా వస్తాయో అట్లాగే వినిపిస్తాయి. వినిపిస్తున్న వాక్యాన్నే తెర మీద కూడా రాస్తే కళ్ళు చదవడంలో పడి బొమ్మను వదిలేస్తాయని మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ ప్రయోగాల్లో తేలింది, కాబట్టి తెర మీద లేబుళ్ళు మాత్రమే ఉంచాం. లేబుల్ టైప్ అవుతున్నట్టు కనబడే ఎఫెక్ట్‌లో ఒత్తులు విడిపోయి "ప్లాస్మా" ముక్కలుగా కనిపిస్తోంది. అక్షరం అక్షరంగా కాకుండా పదం మొత్తం ఒకేసారి వచ్చేలా మార్చాక సరిపోయింది.

సెప్టెంబర్

కాలేజీకి ఫోన్లు తేకూడదు కాబట్టి క్లాసులో ప్రొజెక్టర్ మీద, ఇంట్లో ఫోన్‌లో అని రెండు రకాలుగా వాడించాం. తక్కువ ధర ఫోన్లలో గుండ్లు తడబడుతూ కదులుతుంటే వాటి సంఖ్యను ఫోన్ వేగాన్ని బట్టి అదే తగ్గించుకునేలా ఆ అబ్బాయి రాశాడు. గుండ్లు మరీ తగ్గితే కౌంటర్లు కొంతసేపు అటూ ఇటూ ఊగుతాయి, ఒక్కోసారి చక్కెర లేని వైపు కూడా ముందుంటుంది. దాన్ని సరిచేయవద్దన్నాను. అణువులు కొన్నే ఉన్నప్పుడు అట్లా ఊగడం సహజం. ఒక చుక్క నీటిలో లెక్కకు అందనన్ని ఉంటాయి కాబట్టే మనకు కచ్చితమైన ఫలితం కనబడుతుంది. గణాంకశాస్త్రం జీవశాస్త్రంలోకి ఎక్కడ అడుగుపెడుతుందో చూపడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

జూన్‌లో అడిగిన ప్రశ్ననే మళ్ళీ రాయించాను. "ఆగిపోతాయి" అన్నవాళ్ళు బాగా తగ్గారు. "అటు ఎన్ని పోతాయో ఇటు అన్నే వస్తాయి" అన్న వాక్యం చాలా కాగితాల్లో కనిపించింది, ఎవరి మాటల్లో వాళ్ళు రాశారు. అయితే "చక్కెర లాగుతుంది" అన్నది పూర్తిగా పోలేదు. సిమ్యులేషన్ చూసినప్పుడు సరిగ్గా చెప్పి, ఆవకాయ గురించి అడిగితే మళ్ళీ "ఉప్పు లాగుతుంది" అనేవాళ్ళు ఉన్నారు. తెర మీది గుండ్లకూ, గిన్నెలోని ముక్కలకూ మధ్య ఇంకో మెట్టు కావాలి. అందుకే ఇంటి దగ్గర చేసే పనులు చేర్చాం. ఒకే పొడవున్న బంగాళాదుంప ముక్కలు కోసి, రకరకాల గాఢత ఉన్న ఉప్పునీటిలో రాత్రంతా ఉంచి, పొద్దున కొలిచి, అంకెలు ఫోన్‌లో ఎక్కిస్తే గ్రాఫ్ వస్తుంది. ముక్క పొడవు మారని చోటే దుంపకూ ద్రావణానికీ నీటి పొటెన్షియల్ సమానం.

మదనపల్లె వైపు నుంచి వచ్చే పిల్లవాడు వానలు పడ్డాక తోటలో టమోటాలు పగిలిపోయాయని, దానికి కారణం కూడా ఇదేనా అని అడిగాడు. నీరు పండులోకి వేగంగా చేరి, తొక్క సాగగలిగినదాని కన్నా లోపల ఎక్కువ ఉబ్బితే తొక్క చిట్లుతుంది. వాళ్ళ నాన్న ఫోన్‌లో తీసి పంపిన ఫొటో మా మెటీరియల్‌లో ఆ అధ్యాయానికి మొదటి బొమ్మ అయింది.

అక్టోబర్

పొరలో నీరు దాటే నిజమైన రంధ్రాలు, ఆక్వాపోరిన్లు, చివరి భాగం. పీటర్ ఏగ్రే 1992లో కనిపెట్టిన ప్రోటీన్ ఇది, 2003లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఒక్క రంధ్రంలో నుంచి సెకనుకు సుమారు 300 కోట్ల నీటి అణువులు దాటగలవు. దీన్ని తెర మీద ఎట్లా చూపాలి? నిజమైన ఒక నానోసెకనును తెర మీద ఒక సెకనుగా సాగదీశాం. అప్పుడు సెకనుకు మూడు అణువులు దాటుతూ కనబడతాయి, కంటికి అందుతాయి. ఈ లెక్కన నిజమైన ఒక్క సెకనును పూర్తిగా చూడాలంటే 31 ఏళ్ళకు పైగా తెర ముందు కూర్చోవాలి. మ్యాపులో స్కేల్ ఉన్నట్టే మా ప్రతి తెర కిందా ఇప్పుడు పొడవు స్కేలుతో పాటు కాలం స్కేలు కూడా ఉంది.

ఆస్మాసిస్ యూనిట్ పూర్తయింది. తర్వాతిది ప్రోటీన్ తయారీ, సెకండియర్ బాటనీలోనే పిల్లలు బట్టీ కొట్టే ఇంకో చోటు. వెంకట్రామన్ రామకృష్ణన్, స్టైట్జ్, యోనత్‌లకు 2009లో నోబెల్ తెచ్చిన రైబోసోమ్ (కణంలో ప్రోటీన్లు తయారు చేసే యంత్రం) నిర్మాణాలు ప్రోటీన్ డేటా బ్యాంకులో అందరికీ ఉచితంగా దొరుకుతాయి, ఆకారాలు అక్కడి నుంచే తీసుకుంటున్నాం. కష్టం కాలం స్కేలు దగ్గరే వచ్చింది. బ్యాక్టీరియా రైబోసోమ్ సెకనుకు 15 నుంచి 20 అమైనో ఆమ్లాలు (ప్రోటీన్‌కు ఇటుకల్లాంటివి) చేరుస్తుంది. ఆక్వాపోరిన్‌కు వాడిన స్కేలే ఇక్కడా వాడితే ఒక్క అమైనో ఆమ్లం చేరడానికి తెర మీద ఏడాదిన్నర పైనే పడుతుంది. అందుకని ఈ యూనిట్‌లో నీటి అణువులను చూపకుండా, అమైనో ఆమ్లాలను మోసుకొచ్చే టీఆర్‌ఎన్‌ఏల రాకపోకలను మాత్రమే చూపించేలా స్కేలు మార్చాం. మారిన సంగతి పిల్లలు గమనించేలా రంగు కూడా మార్చాం.

సాధారణంగా యానిమేషన్లలో సరైన టీఆర్‌ఎన్‌ఏ ఎక్కడి నుంచో నేరుగా ఎగిరొచ్చి కోడాన్ (ఏ అమైనో ఆమ్లం కావాలో చెప్పే మూడక్షరాల సంకేతం) మీద వాలుతుంది. నిజంగా అయితే సరైనది తగిలేలోపు సరిపోనివి ఎన్నో వచ్చి తగిలి వెళ్ళిపోతాయి. అయినా తప్పు జరిగేది సుమారు 10,000 అమైనో ఆమ్లాలకు ఒకసారే. మా నమూనాలో సరిపోని వాటినీ చూపిస్తున్నాం, అవి ఎందుకు నిలవలేదో కోడాన్ దగ్గర ఆగి చూసే వీలు పెట్టాం.

బాణం మీద మాత్రం మళ్ళీ చర్చ నడుస్తోంది. రైబోసోమ్, కోడాన్లు వరసగా ఉండే ఎమ్ఆర్‌ఎన్‌ఏ పోగు మీద ఒకే దిక్కుకు, 5 ప్రైమ్ అనే కొస నుంచి 3 ప్రైమ్ అనే కొస వైపుకు, జరుగుతుంది. ప్రతి అడుగుకూ జీటీపీ, అంటే కణానికి శక్తినిచ్చే అణువు, ఖర్చవుతుంది. శక్తి ఖర్చుపెట్టి వెనక్కి పోకుండా చూసుకుంటున్న చోట బాణం వేయడం న్యాయమేనని నా వాదన. కదలిక మొత్తం ఉష్ణ చలనమే కదా, జీటీపీ దానికి దిక్కు మాత్రమే ఇస్తోంది, కాబట్టి ఇక్కడ కూడా కౌంటరే పెడదామని ఆ అబ్బాయి అంటున్నాడు. ప్రస్తుతానికి రెండు వెర్షన్లూ తయారు చేస్తున్నాం. దసరా సెలవులు అయ్యాక ఒక సెక్షన్‌కు ఒకటి, ఇంకో సెక్షన్‌కు ఇంకొకటి చూపించి, జీటీపీ లేకపోతే రైబోసోమ్ ఏం చేస్తుందన్న ప్రశ్న ఇద్దరి చేతా రాయిస్తాం.